నాటి మహాయంత్రములు, నేటి చిన్న లాప్‌టాపులు

కర్ణాటకమున విజయపుర దుర్గముపై ‘మాలిక్-ఇ-మైదాన్’ అను ఫిరంగి యొకటి కలదు. 1549వ సంవత్సరమున అహమ్మదునగరమున పోతపోయబడిన ఆ ఫిరంగి ఏబదియైదు టన్నుల బరువు గలదని చెప్పుదురు. దక్కను సుల్తానుల కాలమున అట్టి యాయుధము చేతనున్న రాజు బలవంతుడని లెక్కింపబడెడివాడు. నేడది యాత్రికులు చేతితో తడవి చూచి పోవు వస్తువు. దాని లోహము చెడలేదు. దాని పరిమాణము తరుగలేదు. కాలము మాత్రము దానిని దాటిపోయినది. ఫిరంగి యిట్లు ప్రదర్శనవస్తువగుటకు శతాబ్దములు పట్టెను. మన కాలమున కంప్యూటరు ప్రాసెసరునకు అదే గతి పట్టుటకు పదునైదు సంవత్సరములు చాలుచున్నవి.

బెంగుళూరు, చెన్నపురి, పూనా, భువనేశ్వరము మొదలగు నగరములలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో కంప్యూటరు విద్యవలన జీవనము గడించినవారు అనేకులు. వారిలో నడివయస్సు దాటినవారిని కదలించినచో, ఒకప్పుడు తాము కొనలేక ఆశపడిన ప్రాసెసరు పేరును గాని, అప్పుచేసి కొనిన ప్రాసెసరు పేరును గాని చెప్పక మానరు. 386, 486, పెంటియము అను పేర్లు వారికి కేవలము సంఖ్యలు కావు, యౌవనమునకు గుర్తులు. ఆ యంత్రములు నిజముగా ఎంతటివి? నేడు అంగడిలో మిక్కిలి చవుకగా దొరకు లాప్‌టాపు వానితో సరితూగుట ఎట్లు సంభవించెను? ఈ మార్పులో మనము పొందినదేమి, పోగొట్టుకొనినదేమి? వీనిని విచారించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మొదట ప్రాసెసరు అనగా నేమో తెలిసికొందము. కూడుట, తీసివేయుట, రెండు సంఖ్యలను పోల్చుట, ఆ ఫలితమును బట్టి తరువాతి పనిని నిర్ణయించుట అను కార్యములను చేయు భాగమే ప్రాసెసరు. అందులో గుండె కొట్టుకొనినట్లు ఒక విద్యుత్ స్పందనము ఎడతెగక నడచుచుండును. స్పందనమునకొక అడుగు చొప్పున యంత్రము ముందునకు సాగును. అడుగులు ఎంత త్వరగా పడునో, ఒక్కొక్క యడుగున ఎంత పని జరుగునో, ఆ రెండింటి గుణకారమే దాని శక్తి. ఈ చిన్న సూత్రమును మనస్సున నుంచుకొనినచో తరువాతి చరిత్ర యంతయు తేటపడును.

మన దేశమున కంప్యూటరు యుగము 1956లో కలకత్తాలోని భారతీయ గణాంకశాస్త్ర సంస్థలో ప్రారంభమైనది. మహలనోబిస్ గారి ప్రోత్సాహమున ఇంగ్లండునుండి ‘హెచ్.ఇ.సి.-2ఎం’ అను యంత్రము అచటికి తేబడెను. తరువాత బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో మన దేశపు ఇంజనీర్లే ఒక కంప్యూటరును నిర్మించిరి. అది 1960లో పనికి వచ్చెను. 1962లో ప్రధానమంత్రి నెహ్రూ దానికి ‘టిఫ్రాక్’ అని నామకరణము చేసెను. అందు సుమారు 2,700 వాక్యూమ్ ట్యూబులుండెను. దాని జ్ఞాపకభాగమున పట్టునవి 2,048 సంఖ్యలు మాత్రమే. నేటి కొలతలో చెప్పవలెనన్న, పాఠకులు చదువుచున్న ఈ వ్యాసమంతయు అందు ఇమడదు. అయినను ఆనాటి శాస్త్రజ్ఞులు తమ లెక్కలను చేతబట్టుకొని దాని ముందు వంతుకొఱకు వేచియుండిరి.

ఈ చరిత్రలో తెలుగువారి పాలు చిన్నది కాదు. పశ్చిమగోదావరి జిల్లా మోగల్లు గ్రామమున 1914లో జన్మించిన అయ్యగారి సాంబశివరావు గారు ట్రాంబేలోని అణుశక్తి కేంద్రమున ఎలెక్ట్రానిక్సు విభాగమును పెంచి, 1967లో హైదరాబాదున ఎలెక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా సంస్థకు పునాది వేసిరి. ఆ సంస్థనుండి 1969లో ‘టి.డి.సి.-12’ అను కంప్యూటరు వెలువడెను. ‘టి.డి.సి.’ అనగా ‘ట్రాంబే డిజిటల్ కంప్యూటర్’. మరాఠీ సీమలో పుట్టిన విజ్ఞానము తెలుగు సీమలో యంత్రరూపము ధరించినది. రావుగారి పేరున నేడు హైదరాబాదులో ఒక పేటయే కలదు. ఆ వీధులలో నడచువారిలో ఎందరికి ఈ కథ తెలియునో చెప్పలేము.

ఇంతవరకు ప్రాసెసరనగా ఒక గదినో, ఒక బీరువానో ఆక్రమించు వస్తువు. 1971 నవంబరులో అమెరికాలోని ఇంటెల్ సంస్థ ‘4004’ అను చిప్పును విడుదల చేయుటతో ఆ స్థితి మారెను. జపానుదేశపు బిజికామ్ అను సంస్థకు లెక్కల యంత్రములు చేయుటకై ఏర్పడిన ఆ చిప్పు గోటియంత లేదు. అందు 2,300 ట్రాన్సిస్టర్లుండెను; సెకనుకు 7,40,000 స్పందనములు దాని వేగము. ఒక చిప్పుపై పట్టు భాగముల సంఖ్య ఏటేట రెట్టింపగుచున్నదని గార్డన్ మూర్ 1965లోనే వ్రాసియుండెను. 1975లో దానిని సవరించి, రెండేండ్ల కొకసారి రెట్టింపగునని చెప్పెను. ఇది ప్రకృతి నియమము కాదు. ఇంజనీర్లు తమకు తాము విధించుకొనిన వ్రతము వంటిది. అయినను ఏబది ఏండ్లపాటు ఆ వ్రతము చాలవరకు చెల్లినది. 1978 నాటి 8086 చిప్పున 29,000 ట్రాన్సిస్టర్లు; 1985 నాటి 386లో 2,75,000; 1989 నాటి 486లో సుమారు 12 లక్షలు; 1993 నాటి పెంటియములో 31 లక్షలు.

పెంటియము పేరు మన దేశమున పొందిన గౌరవము వింతయైనది. ఆ చిప్పు నిర్మాణమునకు నాయకత్వము వహించినవారిలో పూనాలో జన్మించిన వినోద్ ధామ్ ఒకరగుట మనవారి గర్వమునకు కారణమైనది. కంప్యూటరు శిక్షణాలయముల బోర్డులపై ఆ పేరు పెద్ద యక్షరములతో కనిపించెడిది. పెండ్లి శుభలేఖలు కూర్చు డి.టి.పి. అంగళ్ళలో పెంటియము ఉన్నదనిన ఆ యజమానికి ఒక మెట్టు మర్యాద యధికము. కాని ఆ పేరుగల చిప్పులోనే 1994లో భాగహారమునకు సంబంధించిన దోషమొకటి బయటపడెను. కొన్ని సంఖ్యలను భాగించినచో ఫలితము స్వల్పముగా తప్పెడిది. దోషముగల చిప్పులను మార్చి యిచ్చుటకై ఇంటెల్ సంస్థ 47 కోట్ల 50 లక్షల డాలర్లను లెక్కలో వ్రాసికొనవలసి వచ్చెను. గతమును తలచునపుడు అది కూడ జ్ఞాపకముండుట న్యాయము.

ఇండ్లలోని యంత్రములిట్లుండగా, రాజ్యములు కోరిన యంత్రములు వేఱు. 1976లో అమెరికాలోని లాస్ అలమాస్ ప్రయోగశాలకు చేరిన ‘క్రే-1’ ఆనాటి ప్రపంచమున మహాబలశాలి. దాని బరువు అయిదు టన్నులకు మించినది. సుమారు నూటపదునైదు కిలోవాట్ల విద్యుత్తును మ్రింగెడిది. గరిష్ఠముగా సెకనుకు 16 కోట్ల దశాంశ గణనలను చేయగలిగెడిది. దాని తరువాతి తరమైన ‘క్రే ఎక్స్-ఎం.పి.’ వర్షాకాల గమనమును ముందుగా తెలిసికొనుటకు మన దేశమునకు కావలసివచ్చెను. వ్యవసాయమే ఆధారమైన దేశమున ఋతుపవనముల జోస్యము ఎంత అవసరమో చెప్పనక్కఱలేదు. కాని అట్టి యంత్రము ఆయుధ పరిశోధనకు వినియోగపడునను భయమున అమెరికా ప్రభుత్వము చాలకాలము తటపటాయించి, కోరిన దానికంటె తక్కువ శక్తిగల నమూనాను మాత్రమే యిచ్చుటకు అంగీకరించెను. ఢిల్లీలో అది స్థాపితమైన నాటికి 1980వ దశాబ్దము ముగియవచ్చినది.

ఈ నిరాకరణమే మన దేశమున స్వయంకృషికి కారణమైనది. 1988లో పూనాలో ‘సి-డాక్’ సంస్థ ఏర్పడెను. విజయ్ భట్కర్ గారి నాయకత్వమున 1991లో ‘పరమ్ 8000’ వెలువడెను. ఒక్క మహాప్రాసెసరునకు బదులు అనేక చిన్న ప్రాసెసర్లను కలిపి యొక పనిని పంచియిచ్చుట దాని పద్ధతి. గొప్ప రథమునకు ఒక ఏనుగును కట్టుటకు వీలుకానపుడు అరువదినాలుగు ఎడ్లను కట్టుట వంటిది. 1998లో వచ్చిన ‘పరమ్ 10000’ గరిష్ఠ శక్తి సెకనుకు 10,000 కోట్ల గణనలు. బెంగుళూరున నెలకొల్పిన ‘పరమ్ పద్మ’ దానికి పదిరెట్లు శక్తి గలదై, 2003లో ప్రపంచపు అయిదువందల మహాయంత్రముల పట్టికలో 171వ స్థానమును పొందెను.

ఇక నేటి చవుక లాప్‌టాపును చూతము. 2023 జనవరిలో ఇంటెల్ విడుదల చేసిన ‘ఎన్ 100’ అను చిప్పు తక్కువ ధర లాప్‌టాపులకై ఏర్పడినది. దానికి సంస్థ నిర్ణయించిన విద్యుత్ పరిమాణము 6 వాట్లు. ఇంటిలోని చిన్న ఎల్.ఇ.డి. దీపముతో సమానము. అందు నాలుగు గణన కేంద్రములున్నవి. ఒక్కొక్క కేంద్రము సెకనుకు ఇంచుమించు 290 కోట్ల స్పందనములతో, స్పందనమునకు గరిష్ఠముగా ఎనిమిది దశాంశ గణనలు చేయునని లెక్కించినచో, మొత్తము తొమ్మిదివేల కోట్లు దాటును. అనగా క్రే-1కు అయిదువందల రెట్లకు పైబడినది. పరమ్ 10000కు దాదాపు సమీపమైనది. ఇది కాగితముపై కట్టిన గరిష్ఠ లెక్కయని గ్రహింపవలెను. ఆ చిన్న లాప్‌టాపు వేడెక్కినపుడు వేగము తగ్గించుకొనును. పెద్ద యంత్రములు రేయింబవళ్ళు అదే వేగమున పనిచేసినవి. పరమ్ పద్మనైతే ఈ తరగతి లాప్‌టాపు లెక్కలో సయితము ఇంకను అందుకొనలేదు.

మహాయంత్రముల మాట యటుండనిండు. మనవారు నిజముగా నిట్టూర్చునది మేజామీది యంత్రములను గుఱించి. 2007లో వచ్చిన ‘కోర్ 2 క్వాడ్ క్యూ 6600’ చిప్పు విడుదలనాటి ధర 851 డాలర్లు. 105 వాట్ల తరగతిది. నాలుగు గణన కేంద్రములు ఒక్క యంత్రమున నుండుట ఆనాడు అపూర్వ వైభవము. 2011 జనవరిలో వచ్చిన ‘కోర్ ఐ7-2600కె’ను కొనినవారు పదేండ్లపాటు మఱియొకదానిని కొన నవసరము లేకపోయినదని చెప్పుకొందురు. నేటి ఎన్ 100 మొదటిదానిని సునాయాసముగా మించును. సాధారణ పరీక్షలలో రెండవదానితో ఇంచుమించు సరితూగును. తొంబదియైదు వాట్లతో జరిగిన పని నేడు దానిలో చాల చిన్న భాగముతో జరుగుచున్నది.

ఇది ఎట్లు సాధ్యమైనది? మొదటి కారణము ట్రాన్సిస్టరు చిన్నదగుట. చిన్నదైన కొలదిని తక్కువ విద్యుత్తుతో త్వరగా కదలును. రెండవ కారణము కష్టమునుండి పుట్టినది. 2000 మార్చిలో ఎ.ఎం.డి., ఇంటెల్ సంస్థలు రెండును కొద్ది దినముల తేడాతో సెకనుకు నూరుకోట్ల స్పందనముల హద్దును దాటినవి. ఆ పందెము అట్లే సాగునని అందఱును తలచిరి. కాని వేగము హెచ్చిన కొలదిని వేడి భరింపరానిదైనది. 2004లో ఇంటెల్ సంస్థ నాలుగువందల కోట్ల స్పందనముల పెంటియము 4 ప్రయత్నమును విడిచిపెట్టెను. నాటినుండి త్వరగా పరుగెత్తుట తగ్గి, ఒక్క అడుగున ఎక్కువ పని చేయుట, పలు కేంద్రములు కలసి పనిచేయుట ప్రధానమైనవి. ముందు చెప్పిన గుణకారమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు: మొదటి సంఖ్య నిలిచిపోగా, రెండవ సంఖ్య పెరిగినది. అందువలననే పాత చిప్పు, కొత్త చిప్పు ఒకే గిగాహెర్ట్జ్ అంకెను చూపుచున్నను వాని శక్తి సమానము కాదు.

అయినచో పాతవానిని తలచి వగచుట అవివేకమా? కాదు. పాత యంత్రమున కొన్ని సుగుణములుండెను. దాని పెట్టెను విప్పి జ్ఞాపకపు పలకను పెంచవచ్చును. చెడిన భాగమును మార్చవచ్చును. ప్రాసెసరునే తీసి మఱియొకటి పెట్టవచ్చును. నేటి చవుక లాప్‌టాపులు పెక్కింటిలో ప్రాసెసరు పలకకు అతికింపబడియే వచ్చును. జ్ఞాపకభాగము కూడ తఱచుగా అట్లే యుండును. ఒక్కటి చెడినచో అంతయు చెత్తకుప్పకు పోవలసినదే. పూర్వపు యంత్రము చేసికొనువానికి విద్య నేర్పెడిది; నేటిది పని మాత్రము చేసిపెట్టుచున్నది. ఇది నిజమైన నష్టమే. కాని అంతకంటె పెద్ద నష్టమొకటి కలదు. అది వేగమునకు సంబంధించినది కాదు, అక్షరములకు సంబంధించినది.

1990వ దశాబ్దమున తెలుగు పుస్తకములు, పత్రికలు, సంఘముల సంచికలు 486 పైనను, పెంటియము పైనను కూర్పబడసాగినవి. ఆనాడు తెలుగు లిపికి అందఱును పాటించు సంకేతము వాడుకలోనికి రాలేదు. భారతీయ లిపులకొఱకు ‘ఇస్కీ’ అను ప్రమాణము 1988లో ఏర్పడి 1991లో జాతీయ ప్రమాణమైనను, అచ్చు వ్యవహారమున ఒక్కొక్క అక్షర సంస్థ తనకు తోచిన సంకేతములనే వాడినది. ఒకదానిలో ‘క’ అయినది మఱియొకదానిలో రోమను అక్షరమో, అర్థములేని గీతయో అయినది. 1991లోనే యూనికోడు మొదటి ప్రమాణమున తెలుగునకు చోటు దొరకినను, అది మన మేజా మీదికి రాకకు పదేండ్లు పట్టెను. 2001లో వెలువడిన విండోస్ ఎక్స్‌పీలో తెలుగునకు ‘గౌతమి’ అనియు, కన్నడమునకు ‘తుంగ’ అనియు అక్షరరూపములు వచ్చినవి. యానాము ప్రక్కన పారు గౌతమియు, కన్నడ సీమలోని తుంగయు ఒక్క పెట్టెలో కలసి వచ్చుట ఇరుభాషల నడుమ జీవించు మనవారికి ముచ్చట గొలుపు విషయము.

ఇందుండి తేలునదేమి? నాటి ప్రాసెసరు చేసిన గణనములన్నియు నేటి చిన్న లాప్‌టాపు కనురెప్పపాటులో చేయగలదు. కాని నాటి ఫ్లాపీలో మిగిలిన మన సంచికను తెఱచినచో పిచ్చి గీతలు మాత్రమే కనబడును. యంత్రబలము వేయిరెట్లు పెరిగినను, సంకేతము తెలియనిచో ఒక్క పద్యమును కూడ చదువలేము. తాళపత్రమును చెదలు తినును. ఫ్లాపీని బూజు తినును. సంకేతమును మఱపు తినును. మాతృరాష్ట్రమున నున్నవారికి పాత పుస్తకము మఱియొక గ్రంథాలయమున దొరకవచ్చును. బరంపురములోనో, హోసూరులోనో, బళ్ళారిలోనో, షోలాపురములోనో వెలువడిన ఒక సంఘ సంచికకు మఱియొక ప్రతి ఎచటను లేకపోవచ్చును. అందు అచ్చైన పెద్దల వంశకథలు, వలసల వృత్తాంతములు, పెండ్లిపాటలు ఆ ఒక్క చోటనే యుండును.

ఈ సందర్భమున మఱియొక తెలుగువాని చరిత్ర గమనింపదగినది. చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున 1937లో జన్మించి, మద్రాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివిన దబ్బల రాజగోపాలరెడ్డి గారు, రాజ్ రెడ్డి అను పేరున అమెరికాలో ప్రసిద్ధులై, యంత్రమునకు మానవుల మాట వినుట నేర్పిన మొదటివారిలో ఒకరైరి. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్ తో కలసి ట్యూరింగ్ పురస్కారమును పొందిరి. వారు పనిచేసిన కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున 1976లో తయారైన ‘హార్పీ’ అను వ్యవస్థ సుమారు వేయి ఇంగ్లీషు మాటలను గుర్తించెను. దానికి ఆనాటి పెద్ద కంప్యూటరు అవసరమైనది. నేడు జేబులోని ఫోను తెలుగు మాటను విని అక్షరములుగా వ్రాసి చూపుచున్నది. వ్రాయుట రాని అవ్వ చెప్పిన కథను మనుమడు గ్రంథస్థము చేయుటకు ఇంతకంటె సులభమైన కాలము మునుపెన్నడును లేదు.

భాషాల్పసంఖ్యాకుల బాలబాలికలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన జరుగునట్లు చూడవలెనని రాజ్యాంగమున 350ఎ అధికరణము 1956లో చేర్పబడెను. అయినను పంతులు లేక, పిల్లల సంఖ్య చాలక తెలుగు తరగతి నడువని యూళ్ళు మన యెఱుకలో కలవు. అట్టి చోట ఒక చవుక లాప్‌టాపు బడికి బదులు కాజాలదు. కాని తెలుగు పుస్తకమును తెచ్చి చూపగలదు, తెలుగు మాటను పలికి వినిపింపగలదు. ఒకప్పుడు దేశము వేడుకొనినను దొరకని గణనశక్తి నేడు సామాన్య కుటుంబపు మేజాపై నున్నది. దానితో పిల్లలు ఆటలు మాత్రమే ఆడుచున్నచో లోపము యంత్రమున లేదు.

కావున మన సంఘములు చేయదగిన పని యొకటి కలదు. అటకపై పడియున్న పాత కంప్యూటరును అమ్మివేయుటకు ముందు అందలి వ్రాతలను బయటికి తీయుడు. పాత అక్షర సంకేతములను యూనికోడునకు మార్చు సాధనములు కొన్ని లభించుచున్నవి. సంకేతము తెలియనిచో అచ్చైన సంచికను ఫోటో తీసి, పుటను చదివి అక్షరములుగా మార్చు సాధనములకు అప్పగింపవచ్చును. అవి తెలుగునకు కూడ ఏర్పడినవి. అందు వచ్చు తప్పులను దిద్దుటకు మాత్రము తెలుగు చదువ నేర్చిన ఒక మనిషి కావలెను. ఆ మనిషి మన యింట నుండునట్లు చూచుకొనుట ఏ ప్రాసెసరును చేయజాలని పని. దిద్దిన ప్రతిని మూడు చోట్ల భద్రపఱుపుడు. ఒకటి సంఘమున, ఒకటి గ్రంథాలయమున, ఒకటి వేఱు ఊరిలోని బంధువునొద్ద. మఱి పదునైదేండ్లకు నేటి లాప్‌టాపు కూడ పాతబడును. అప్పుడు ఆ వ్రాతలను మఱియొక యంత్రమునకు చేర్పవలసినవారు నేడు తెలుగు అక్షరములు దిద్దుకొనుచున్న మన పిల్లలే.